వానాకాలంలో అండమాన్ టూర్: పడవ ఆగితే ప్లాన్ ఏమవుతుంది?

జూన్ వచ్చేసరికి అండమాన్ ప్యాకేజీల రేట్లు దిగుతాయి. హోటళ్లు ఆఫర్లు పెడతాయి. డిసెంబర్‌లో చూడడానికే భయమేసిన విమాన టికెట్లు కొంచెం అందుబాటులోకి వస్తాయి. అప్పుడే ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఆగస్టులో వెళ్లొచ్చినవాళ్లు ఒకరు "ఎండ కూడా కాసింది, జనమే లేరు, హాయిగా తిరిగాం" అంటారు. అదే ఆగస్టులో వెళ్లిన ఇంకొకరు "గదిలో కూర్చుని వాన చూశాం, హావ్‌లాక్ మొహం కూడా చూడలేదు" అంటారు. ఇద్దరి మాటా నిజమే. ఈ తేడాలో అదృష్టం పాత్ర కొంత ఉంది. కానీ ఎక్కడ ఎన్ని రాత్రులు, ఏ వరుసలో పెట్టుకున్నారన్నది అంతకంటే పెద్ద తేడా తెస్తుంది. ఆ వరుస అంత ముఖ్యం ఎందుకో తెలియాలంటే వాన, గాలి, పడవ, టికెట్ షరతులు ఒక్కొక్కటిగా చూడాలి.

విమానం దిగేది పోర్ట్ బ్లెయిర్‌లో, హావ్‌లాక్, నీల్ ద్వీపాలకు అక్కడి నుంచి పడవలో వెళ్లాలి. ముందుగా పేర్ల విషయంలో ఒక మాట. 2018 డిసెంబర్‌లో హావ్‌లాక్ పేరు స్వరాజ్ ద్వీప్‌గా, నీల్ పేరు షహీద్ ద్వీప్‌గా మారాయి. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. జనం నోట ఇంకా పాత పేర్లే వినిపిస్తాయి కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాను.

అక్కడ వానాకాలం మే నెలలోనే మొదలవుతుంది

నైరుతి రుతుపవనాలు కేరళను తాకినప్పుడే మనకు పెద్ద వార్త. అప్పటికే అవి అండమాన్ సముద్రం దాటి వచ్చి ఉంటాయి. మామూలుగా మే మూడో వారం ప్రాంతంలో నికోబార్ దీవుల వైపు చేరతాయి. 2025లో అయితే మే 13కే అక్కడికి వచ్చేసి, మే 24న కేరళను తాకాయి. అంటే మన పిల్లల వేసవి సెలవులు ఇంకా నడుస్తుండగానే అక్కడ వానలు మొదలైపోతాయి. హైదరాబాద్ ఎండ చూసి, సెలవులున్నాయి కదా అని మే ఆఖరివారానికి టికెట్లు తీసుకునేవాళ్లు చాలామంది ఈ సంగతి గమనించరు.

సెప్టెంబర్ తర్వాత నైరుతి వెనక్కి తగ్గుతుంది గానీ వాన అక్కడితో అయిపోదు. అక్టోబర్ నుంచి గాలి దిశ మారి ఈశాన్య రుతుపవనాలు వస్తాయి. మన దగ్గర తెలంగాణకు ప్రధానంగా నైరుతి వానలే ఆధారం, నెల్లూరుకు అక్టోబర్, నవంబర్ వానలు ఎక్కువ. అండమాన్‌కు రెండూ పడతాయి. అందుకే అక్కడ ఏడాదికి 3,000 మిల్లీమీటర్ల దాకా వర్షపాతం ఉంటుంది, అంటే హైదరాబాద్‌కు మూడు రెట్ల పైమాటే. కచ్చితంగా పొడిగా ఉండే కాలం జనవరి నుంచి ఏప్రిల్ దాకా మాత్రమే. డిసెంబర్‌ను అందరూ 'సీజన్' అంటారు. నిజానికి అది వానలు తగ్గుముఖం పట్టిన నెల, పూర్తిగా ఆగిన నెల కాదు.

'వర్షం పడిన రోజు' అంటే రోజంతా వాన అని కాదు

వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 2.5 మిల్లీమీటర్లు, అంతకంటే ఎక్కువ పడితే అది వర్షం పడిన రోజు. అంత వాన పావుగంట జల్లులోనే పడిపోవచ్చు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా పోర్ట్ బ్లెయిర్‌లో నెలలో సగానికి పైగా రోజులు ఈ లెక్కలోకి వస్తాయి. ఆ అంకె చూసి నెలలో సగం రోజులు గదిలోనే అనుకుంటే పొరపాటు. తెల్లవారుజామున కుండపోతగా కురిసి, తొమ్మిదింటికల్లా ఎండ వచ్చిన రోజు కూడా వర్షం పడిన రోజే.

అసలు తేడా తెలిసేది వాన తీవ్రతలో. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ అని వాతావరణ శాఖ వర్గీకరిస్తుంది. టీవీలో వినిపించే పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలు ఇవ్వడానికి ఈ వర్గాలే ముఖ్య ఆధారం. పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోవాలని అర్థం.

ఫోన్ యాప్‌లో 80 శాతం అని మబ్బు బొమ్మ కనిపిస్తే చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. రోజులో 80 శాతం సేపు వాన పడుతుందని దానర్థం కాదు. ఆ చోట, ఆ సమయంలో కనీసం కొంచెమైనా వాన పడడానికి ఉన్న అవకాశం అది. వానాకాలంలో అండమాన్‌కు రోజూ ఇలాంటి అంకెలే వస్తాయి కాబట్టి, వాటితో ఒక రోజుకూ మరో రోజుకూ తేడా తెలియదు. పదిహేను రోజుల ముందు చూసి రద్దు చేసుకోవడానికి ఆ బొమ్మ సరిపోదు. మూడు నుంచి ఐదు రోజుల ముందు వచ్చే అంచనాను చాలావరకు నమ్మొచ్చు. అంతకు ముందుగా తెలుసుకోవాలంటే వాతావరణ శాఖ ప్రతి గురువారం రాబోయే రెండు వారాలకు ఇచ్చే అంచనా ఒకటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనాలు, తుపానులు ఏర్పడే అవకాశం ఎంత ఉందో అందులో చెబుతారు.

గాలి ఏ వైపు నుంచి వీస్తే ఆ వైపు తీరంలో అలలు ఎక్కువ

వానకంటే గాలి సంగతి ఎక్కువగా పట్టించుకోవాలి. నైరుతి కాలంలో గాలి నైరుతి, పడమర దిక్కుల నుంచి వీస్తుంది. ద్వీపాలకు పడమటి వైపు తీరాలు అలల దెబ్బ తింటాయి. తూర్పు వైపు తీరాలకు ద్వీపమే చాటు అవుతుంది. అక్టోబర్ దాటి గాలి ఈశాన్యానికి తిరిగాక పరిస్థితి తారుమారవుతుంది.

హావ్‌లాక్‌లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది. అందరూ ఫొటోల్లో చూసే రాధానగర్ బీచ్ పడమటి తీరంలో ఉంది. జూలైలో అక్కడ అలలు ఎత్తుగా లేస్తాయి, లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, నీళ్లలోకి దిగనివ్వని రోజులుంటాయి. అదే మధ్యాహ్నం ద్వీపానికి అటువైపున్న కాలాపత్తర్ దగ్గర సముద్రం చాలా నెమ్మదిగా ఉండొచ్చు. రెండింటి మధ్య దూరం ఆటోలో గంటలోపే. అయితే తూర్పు తీరంలో మరో చిక్కుంది. పోటు సమయంలో ఒడ్డుదాకా ఉండే నీళ్లు, ఆటు సమయంలో చాలా దూరం వెనక్కి పోతాయి. పగడపు రాళ్లు, నాచు బయటపడతాయి. ఆ వేళకు వెళ్లినవాళ్లు 'ఇదేం బీచ్' అనుకుని వెనక్కి వస్తారు. పోటు వేళలు చూసుకుని వెళ్లినవాళ్లకు అదే చోట మోకాలి లోతులో చేపలు కనిపిస్తాయి.

ప్రభుత్వం పెట్టిన ఒక నిబంధన కూడా కాలాన్ని బట్టి మారుతుంది. పోర్ట్ బ్లెయిర్‌కు పడమర వండూరు దగ్గర మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్ ఉంది. అందులో జాలీ బాయ్ ద్వీపానికి పొడి నెలల్లోనే పర్యాటకులను పంపుతారు. వానాకాలంలో రెడ్ స్కిన్ అనే మరో ద్వీపం తెరుస్తారు. దీనివల్ల పగడాలకూ కొంత విశ్రాంతి దొరుకుతుంది.

ఇంకో సంగతి. పోర్ట్ బ్లెయిర్ మన దేశ గడియార సమయానికి ఆధారమైన రేఖకు బాగా తూర్పున ఉంది. జూన్‌లో కూడా సాయంత్రం ఆరు కాకముందే సూర్యాస్తమయం అయిపోతుంది, తెల్లవారడం ఐదింటికే. మధ్యాహ్నం వాన వెలిశాక వెళ్దాంలే అనుకుంటే చేతిలో మిగిలే వెలుతురు చాలా తక్కువ. ఆ రోజుల్లో పనికొచ్చేది ఉదయమే.

వాన లేకపోయినా పడవ ఎందుకు ఆగుతుంది

పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు ప్రైవేటు పడవల్లో సుమారు గంటన్నర నుంచి రెండు గంటలు, ప్రభుత్వ పడవల్లో ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. హార్బర్ లోపల ఉన్నంతసేపూ నీళ్లు చెరువులా ఉంటాయి. రాస్ ద్వీపం దాటి బయటికి వచ్చాక పడవ ఊగడం మొదలవుతుంది. అలలు కాస్త పెద్దగా ఉన్న రోజున ఏసీ హాల్లో అప్పటిదాకా సెల్ఫీలు తీసుకుంటున్నవాళ్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతారు. సిబ్బంది ప్లాస్టిక్ కవర్లు పట్టుకుని వరసల మధ్య తిరుగుతారు. అయినా అది పడవ నడిచిన రోజే. అంతకు మించితే అధికారులు పడవలనే ఆపేస్తారు.

ఆపడానికి కారణం వాన కాదు, గాలి వేగం, అలల ఎత్తు. వార్తల్లో తరచూ వినే "గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు" అనే హెచ్చరిక అండమాన్ సముద్రానికి వచ్చిందంటే పడవల షెడ్యూలు కూడా అనుమానంలో పడినట్టే. విశాఖ, కాకినాడ వాళ్లకు తెలిసిన మూడో నంబరు హెచ్చరికకు అర్థం కూడా ఇదే: ఈదురుగాలులతో పోర్టుకు ముప్పు ఉందని. ఒడిశా, ఉత్తరాంధ్ర తీరం దగ్గర అల్పపీడనం బలపడినప్పుడు చాలాసార్లు అండమాన్ మీద పడమటి గాలులు కూడా ఊపందుకుంటాయి. పోర్ట్ బ్లెయిర్‌లో ఎండ కాస్తుండగా పడవలు రద్దవడం ఇందుకే జరుగుతుంది. ఎక్కడో లేచిన అలలు ప్రయాణం చేసి వస్తాయి, మబ్బులతో వాటికి పని లేదు.

ఈ అలల ఎత్తు అంచనా వేసే సంస్థ మన హైదరాబాద్‌లోనే ఉంది. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం, దేశంలోని తీరాలన్నిటితో పాటు అండమాన్ నికోబార్‌కు కూడా అలల ఎత్తు, ప్రవాహాలు, గాలి గురించి కొన్ని రోజుల ముందే సమాచారం ఇస్తుంది. ఇది ప్రధానంగా మత్స్యకారుల కోసం మొదలైన సేవ. పర్యాటకుల్లో దీన్ని చూసేవాళ్లు తక్కువ. హావ్‌లాక్ వెళ్లే ముందు రోజు వాన బొమ్మ చూడడం కంటే ఇది చూడడం ఎన్నో రెట్లు మేలు.

సీజన్‌లో వెళ్తే ఈ గొడవ ఉండదనుకోవడం కూడా సరికాదు. నైరుతి కాలంలో పోర్ట్ బ్లెయిర్, హావ్‌లాక్ మధ్య దారికి దక్షిణ అండమాన్ ద్వీపం కొంతవరకు చాటు ఇస్తుంది. ఈశాన్య గాలి వీచేటప్పుడు ఆ చాటు ఉండదు. దానికి తోడు బంగాళాఖాతంలో తుపానుల కాలం అక్టోబర్ నుంచి డిసెంబర్. 2016 డిసెంబర్ మొదటి వారంలో, అంటే సీజన్ మొదలయ్యాక, వాయుగుండం వల్ల హావ్‌లాక్, నీల్ ద్వీపాల్లో 1,400 మందికి పైగా పర్యాటకులు చిక్కుకుపోయారు. నౌకాదళం ఓడలు పంపి వాళ్లను తీసుకొచ్చింది. అదే తర్వాత వార్దా తుపానై డిసెంబర్ 12న చెన్నైని తాకింది. 2014 అక్టోబర్ 12న విశాఖను కకావికలం చేసిన హుద్‌హుద్ తుపాను కూడా అంతకు నాలుగు రోజుల ముందు, 8న, అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ దగ్గర తీరం దాటి వచ్చిందే. ఆ ఏడాది దసరా అక్టోబర్ 3న. దసరా సెలవులకు అండమాన్ వెళ్లే కుటుంబాలకు ఈ తేదీలు గుర్తుండాలి.

ఆరు రాత్రులే, మూడు వరుసలు

అసలు విషయం ఇక్కడుంది. వెసులుబాటు అంటే చాలామందికి డబ్బు గుర్తొస్తుంది: ఎక్కువ పెట్టి కొనే ఫ్లెక్సీ టికెట్, రద్దు చేసుకోగల హోటల్. వాటికంటే ముందు, పైసా ఖర్చు లేకుండా దొరికే వెసులుబాటు ఒకటుంది.

హైదరాబాద్ నుంచి నలుగురు వెళ్తున్నారనుకుందాం. ఆరు రాత్రులు, ఏడో రోజు ఉదయం తిరుగు విమానం. సాధారణ ప్యాకేజీ ఇలా ఉంటుంది: మొదట పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రాత్రులు, తర్వాత హావ్‌లాక్‌లో రెండు, నీల్‌లో ఒకటి, ఆరో రోజు పడవలో వెనక్కి వచ్చి ఆఖరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో. ఆరో రోజు పడవ ఆగిందంటే విమానం పోయినట్టే. గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టుంటుంది.

రెండో వరుసలో మొదటి రాత్రి ఒక్కటే పోర్ట్ బ్లెయిర్‌లో. తర్వాత హావ్‌లాక్ రెండు, నీల్ ఒకటి. ఐదో రోజు వెనక్కి. చివరి రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లో. ఒక రోజు మిగులు ఉంది. మూడో వరుసలో విమానం దిగిన రోజే మధ్యాహ్నం పడవకు హావ్‌లాక్ వెళ్లిపోతారు. అక్కడ రెండు, నీల్‌లో ఒకటి, నాలుగో రోజు వెనక్కి, మిగతా మూడు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లో. రెండు రోజులు మిగులు. మూడింట్లోనూ చూసే చోట్లు అవే, రాత్రుల సంఖ్య అదే, ఖర్చు దాదాపు అంతే.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక రోజు పడవ ఆగే అవకాశం పదిలో ఒకటి అని లెక్క కోసం అనుకుందాం. మొదటి వరుసలో వంద కుటుంబాల్లో పది విమానం మిస్ అవుతాయి. ఒక మిగులు రోజుంటే ఎంత? పదిలో పదో వంతు, అంటే వందలో ఒకటి అని అనిపిస్తుంది. కానీ వాతావరణం అలా నడవదు. అల్పపీడనం వచ్చిందంటే రెండు మూడు రోజులు ఉంటుంది. ఈ రోజు పడవ ఆగితే రేపు కూడా ఆగే అవకాశం పదిలో ఒకటి కాదు, సగం దాకా ఉండొచ్చు. అలా చూస్తే ఒక మిగులు రోజుతో వందలో ఐదు కుటుంబాలు, రెండు మిగులు రోజులతో రెండో మూడో ఇబ్బంది పడతాయి. అంటే ఒక్క రోజు మిగుల్చుకుంటే చాలు, ఇక ధీమాగా ఉండొచ్చనే లెక్క తప్పు. వానాకాలంలో రెండో మిగులు రోజుకు కూడా విలువ ఉంది.

మూడో వరుసకు నష్టాలు లేకపోలేదు. తెల్లవారుజాము విమానం, వెంటనే పడవ అంటే పెద్దవాళ్లకు, చిన్నపిల్లలకు అలసట. విమానం ఆలస్యమైతే ఆ పడవ టికెట్ వృథా. వాతావరణం బాగోక విమానం పోర్ట్ బ్లెయిర్‌లో దిగలేక వెనక్కి మళ్లితే అక్కడికి దగ్గరలో ప్రయాణికుల విమానాలు దిగే మరో ఎయిర్‌పోర్టు లేదు, మళ్లీ ప్రధాన భూభాగానికే రావాలి. ఇవన్నీ తూచి చూస్తే మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకు రెండో వరుస, కుర్రాళ్లకు మూడోది నప్పుతుందని నా అభిప్రాయం. దిగిన రోజే పడవలు ఆగి ఉంటే ఏమీ పోదు. పోర్ట్ బ్లెయిర్ రోజులు ముందుకు వస్తాయి, ద్వీపాల రోజులు వెనక్కి జరుగుతాయి.

నీల్ ద్వీపాన్ని కలుపుకోవాలా అన్నది మరో లెక్క. హావ్‌లాక్ ఒక్కటే అయితే రెండు పడవ ప్రయాణాలు. నీల్ కలిస్తే మూడు. పదిలో ఒకటి చొప్పునే అనుకుంటే, ఎక్కడో ఒకచోట పడవ ఆగే అవకాశం మొదటిదానికి 19 శాతం, రెండోదానికి 27 శాతం. పెద్ద తేడా కాదు, తీసిపారేసేది కూడా కాదు.

చివరి రోజులు పోర్ట్ బ్లెయిర్‌లో గడపడం శిక్ష అనుకోనక్కర్లేదు. సెల్యులార్ జైలును దిగిన రోజు నిద్రమత్తులో గంటలో చుట్టేసేవాళ్లే ఎక్కువ. రంప పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్ జైలు శిక్ష అనుభవించి, తర్వాత 1952లో విశాఖ ప్రాంతం నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యారు. ఆ గదుల వరస ముందు తెలుగువాళ్లు నిలబడి చూడడానికి ఒక పూట కేటాయించడం న్యాయం. ఆంత్రోపాలజీ మ్యూజియం, సముద్రిక మ్యూజియం, ఛాతం రంపపు మిల్లు, చిడియా టాపు, వీటిలో దేనికీ పడవ అక్కర్లేదు.

టికెట్ మీద 'ఫ్లెక్సిబుల్' అని ఉంటే ఏది తిరిగొస్తుంది

విమానం రద్దవడం వేరు, మనం విమానం అందుకోలేకపోవడం వేరు. ఈ తేడా చాలామందికి ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గరే తెలుస్తుంది.

విమాన సంస్థే రద్దు చేస్తే, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం ఇంకో విమానంలో చోటైనా ఇవ్వాలి, డబ్బైనా తిరిగివ్వాలి. వాతావరణం వల్ల రద్దయితే దానిపైన నష్టపరిహారం మాత్రం రాదు, అది సంస్థ చేతుల్లో లేని కారణం కాబట్టి. అదే హావ్‌లాక్‌లో పడవ ఆగి మనం విమానం అందుకోలేకపోతే, విమాన సంస్థ దృష్టిలో మనం రాని ప్రయాణికులం. ఛార్జీ పోతుంది. పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజుల వాటా మాత్రం అడిగితే తిరిగివ్వాలి. పడవ రద్దు సర్టిఫికెట్ చూపిస్తే కనికరించొచ్చు గానీ అది హక్కు కాదు.

ఫ్లెక్సీ టికెట్ అంటే సాధారణంగా తేదీ మార్పు ఫీజు ఉండదని మాత్రమే. ఛార్జీలో తేడా మనమే కట్టాలి. ఉదాహరణకు 6,000కు కొన్న టికెట్‌ను రేపటికి మార్చుకుందామంటే రేపటి ధర 11,000 ఉంటే, తేడా 5,000 మనదే. మార్పు కూడా విమానం బయల్దేరడానికి కొన్ని గంటల ముందే చేసుకోవాలి. అందుకే ద్వీపంలో పడవ ఆగిందని తెలిసిన క్షణంలో ఫోన్ సిగ్నల్ కూడా ఒక ఆస్తే. విశాఖ, విజయవాడ నుంచి చెన్నై మీదుగా వెళ్లేవాళ్లకు మరో మెలిక. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది పోతే ప్రత్యామ్నాయం చూపే బాధ్యత సంస్థది. విడివిడిగా కొంటే రెండో టికెట్ నష్టం మనదే, కొన్నప్పుడు ఐదారు వందలు మిగిలినా సరే.

హోటళ్లలో "48 గంటల ముందు వరకు ఉచిత రద్దు" అన్న మాటకు ఇక్కడ అంత బలం లేదు. పడవ ఆగే సంగతి తెలిసేది ఆ రోజు ఉదయం, మహా అయితే ముందు రోజు సాయంత్రం. కాబట్టి బుక్ చేసే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న వేరు: పడవ రద్దయి మేం రాలేకపోతే తేదీ జరుపుతారా? చిన్న రిసార్టులు చాలావరకు ఒప్పుకుంటాయి, వాళ్లకూ ఆ పరిస్థితి అలవాటే. మెసేజ్‌లో రాయించుకుంటే వాదన ఉండదు. పడవ సంస్థే ప్రయాణం రద్దు చేసినప్పుడు సాధారణంగా డబ్బు తిరిగిస్తుంది లేదా మరో రోజుకు మారుస్తుంది.

ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో చూడాల్సింది ఒక్కటే. చాలా పాలసీలు ముందే తెలిసిన ప్రమాదానికి వర్తించవు. తుపానుకు పేరు పెట్టాక కొన్న పాలసీ ఆ తుపానుకు పనికిరాదు.

ద్వీపాన్నే మార్చుకునే వెసులుబాటు

సెలవులు జూన్, ఆగస్టుల్లోనే దొరుకుతాయి, సముద్రంలో ఈదడమే ముఖ్యం అనుకునేవాళ్లకు ఇంకో దారి ఉంది. అన్ని ఉష్ణమండల ద్వీపాలకూ వానాకాలం ఒకటే కాదు. బాలి భూమధ్యరేఖకు దక్షిణాన ఉంది, అక్కడ ఏప్రిల్ నుంచి అక్టోబర్ పొడి కాలం, మన చలికాలంలో వానలు. శ్రీలంకలో మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి తీరం తడుస్తుంటే తూర్పున ట్రింకోమలీ వైపు ఎండ కాస్తుంది. థాయ్‌లాండ్‌లో ఫుకెట్, క్రాబీ ఉన్నది అండమాన్ సముద్రం వైపే, వాటి వానాకాలం కూడా దాదాపు అండమాన్‌దే. సిమిలాన్ దీవుల పార్కును మే మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా మూసేస్తారు. అటువైపు థాయ్‌లాండ్ సింధుశాఖలోని కో సమూయ్ ద్వీపానికి మాత్రం పెద్ద వానలు అక్టోబర్ తర్వాతే.

మాల్దీవుల్లో లెక్క ఇంకోలా ఉంటుంది. నైరుతి కాలంలో నీళ్లలో ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవుల రాశి పెరుగుతుంది, దానికోసం బా అటోల్ అనే పగడపు దీవుల వలయంలోని హనీఫారు బేకి మాంటా రే చేపలు గుంపులుగా వస్తాయి. వాటిని చూడాలనుకునేవాళ్లకు అసలు సీజన్ వానాకాలమే. మన లక్షద్వీప్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. అరేబియా సముద్రం నైరుతి గాలికి ఎదురుగా ఉంటుంది, ఆ నెలల్లో కొచ్చి నుంచి ఓడ ప్రయాణాలు బాగా తగ్గుతాయి, వెళ్లడానికి అనుమతి పత్రం కూడా కావాలి. వెసులుబాటుకు అక్కడ చోటు తక్కువ.

వెళ్లడం సబబేనా అన్న వాదనలు

వద్దనేవాళ్ల వాదనలో బలం ఉంది. అండమాన్ వెళ్లేదే సముద్రం కోసం. నీళ్లు మసకబారి, పగడాలు కనిపించక, డైవింగ్ రద్దయితే అంత దూరం వెళ్లి ఏం లాభం? చేతకాని ప్రయాణికులు చిక్కుకుంటే వాళ్లను తీసుకురావడానికి నౌకాదళం, స్థానిక యంత్రాంగం శ్రమపడాలి. మొదటిసారి, జీవితంలో ఒక్కసారి వెళ్లే కుటుంబానికి, ముఖ్యంగా స్నార్కెలింగ్, స్కూబా మీదే మనసున్నవాళ్లకు ఫిబ్రవరి, మార్చి కోసం ఆగడమే మంచిదని నేనూ అంటాను.

వెళ్లొచ్చనేవాళ్ల మాటలోనూ న్యాయముంది. అడవి అంత పచ్చగా మరెప్పుడూ ఉండదు. ఆటోవాళ్లు, చిన్న హోటళ్లవాళ్లు, గైడ్లు ఏడాది పొడవునా బతకాలి, నాలుగు నెలల సీజన్‌తో ఇల్లు గడవదు. వాళ్లలో మనవాళ్లు కూడా చాలామందే. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో 13 శాతం మంది మాతృభాష తెలుగు, అందులో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన కుటుంబాలు ఎక్కువ. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగులో అడిగి రేపు పడవ వెళ్తుందో లేదో తెలుసుకోవడం కష్టమేం కాదు. తరచూ అక్కడి మత్స్యకారులు చెప్పే మాట యాప్ కంటే ముందుగా అందుతుంది.

ఒకే పేరుతో పిలిచే వానాకాలంలో కూడా ఆగస్టుకూ దసరాకూ తేడా ఉంది. ఆగస్టులో వాన ఎక్కువ, జనం తక్కువ. పడవ ఆగి విమానం పోయినా మర్నాడో ఆ మర్నాడో సీటు దొరకొచ్చు, హోటల్ గది ఖాళీగా ఉంటుంది. దసరాకు వాన తగ్గుతుంది. కానీ కోల్‌కతా నుంచి పూజా సెలవుల రద్దీ, మన సెలవుల రద్దీ ఒక్కసారే వస్తాయి, విమానాలన్నీ నిండుగా ఉంటాయి. తుపాను వచ్చి రెండు రోజుల విమానాలు ఆగితే ఆ జనమంతా మూడో రోజు సీట్ల కోసం కౌంటర్ ముందు నిలబడతారు. పడవ ఆగే అవకాశం ఆగస్టు కంటే తక్కువే అయినా, ఆగినప్పుడు పడే ఇబ్బంది మాత్రం ఎక్కువ. రెండో మిగులు రోజు లేకుండా వెళ్లకూడని కాలం ఏదని అడిగితే నేను ఆగస్టు కంటే ముందు దసరానే చెబుతాను.